ఏనుగు తప్పుకుంటేనే బండి కదిలేది!

కుప్పం: ఊటీ కొండ రైలు అడవి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కడ స్టేషను లేదు, ఇంజనుకు నీళ్లు పట్టే చోటూ కాదు. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఇంజను చెడిందేమోనని ఒకరు, ఇక భోజనం వేళకు ఊటీ చేరినట్లేనని ఇంకొకరు విసుక్కున్నారు. సంగతేమిటంటే, ముందు మలుపులో పట్టాల మీద ఏనుగులున్నాయి. వాటిలో పిల్ల కూడా ఉంది. ఇరవై నిమిషాల తర్వాత అవి తమంతట తామే పక్కకు దిగిపోయాయి. అప్పుడు గాని బండి కదల్లేదు.

మా ప్రాంతం వారితో కలిసి ఊటీ వెళ్లిన ఈ విలేకరికి ఇది వింతగానే తోచింది. కుప్పం, పలమనేరు పల్లెలకు ఏనుగులు కొత్త కాదు. 1980 దశకంలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి మందలు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చేలో ఏనుగు పడితే డప్పులు, టపాకాయలతో తరమడమే మనకు తెలిసిన విద్య. అలాంటిది రైలే ఆగి కూర్చోవడం చూసి మా వెంట వచ్చిన టమాటా రైతు ఒకాయన నోరు వెళ్లబెట్టాడు.

బండిని ఆపింది డ్రైవరు అనుకుంటే పొరపాటే. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు ఆవిరి ఇంజను వెనుక ఉండి పెట్టెలను పైకి నెడుతుంది. డ్రైవరుకు ముందు దారి కనబడదు. మొదటి పెట్టె ముందు భాగాన నిలబడ్డ బ్రేక్స్‌మన్ కళ్లే బండికి కళ్లు. రాయి పడినా, జంతువు నిలిచినా ఆయన ఎర్రజెండా చూపాల్సిందే. ప్రతి పెట్టెకూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఇంజను కూతను బట్టి బ్రేకు వేస్తారు. కల్లార్ దాటితే పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు. చక్రాలు జారకుండా పట్టాల నడుమ పళ్ల కమ్మీ ఉంటుంది. అక్కడ వేగం గంటకు 13 కిలోమీటర్లు మించదు కనుక బండి చప్పున ఆగుతుంది.

ఈ దారి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో పూర్తయింది. 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏనుగుల దారి అంతకంటే పాతది. పనస పండే రోజుల్లో అవి ఈ వాలుల మీదికి ఎక్కువగా వస్తాయి. చాలాచోట్ల ఒకవైపు కొండ గోడ, మరోవైపు లోయ. పట్టాలెక్కిన ఏనుగుకు పక్కకు తప్పుకొనే చోటుండదు. కూత పెట్టి బెదిరిస్తే పిల్ల లోయలో పడొచ్చు. అందుకే నోరు మూసుకుని ఆగడం. హిల్‌గ్రోవ్ దగ్గర పట్టాల పక్కన కట్టిన గోడ ఏనుగులకు అడ్డుపడుతోందని గగ్గోలు పుట్టగా 2022లో దాన్ని పడగొట్టారు.

ఇదే కోయంబత్తూరు జిల్లాలో వేగంగా వెళ్లే బండ్ల కథ వేరు. 2021 నవంబరు 26 రాత్రి నవక్కరై వద్ద మంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో మదుక్కరై అడవిలో పట్టాల వెంట 12 టవర్లపై కెమెరాలు అమర్చారు. ఏనుగు దగ్గరకు రాగానే అవి కనిపెడతాయి, రైల్వే వారికి కబురు వెళుతుంది. కొండ బండి మీద జెండా పట్టుకున్న మనిషి చేసేదీ ఆ పనే.

కుప్పం వాళ్లం కనుక తమిళం వచ్చు. కూనూరులో డీజిలు ఇంజను తగిలించేటప్పుడు, రైలు ఆలస్యమైతే పైవాళ్లు మందలించరా అని బ్రేక్స్‌మన్‌ను అడిగాం. ఏనుగు కోసం ఆగితే ఎవరూ ఏమీ అనరని నవ్వాడు. విసుక్కునేది ప్రయాణికులేనట.

ఊటీ చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. భోజనం దొరికింది.