కారు కంట్లో శుక్లం

ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. యాభై దాటినవాడికి రాత్రిపూట కారు నడపడం కష్టమైతే ముందు తోచేది అదే కదా. సూర్యాపేట దాటాక, సన్నగా చినుకు పడుతున్న ఒక రాత్రి, లైట్లేమీ లేకుండా రోడ్డు వారన ఆపి ఉన్న లారీ దాని నంబరు చదివేంత దగ్గరికి వచ్చేదాకా నాకు కనిపించలేదు. బ్రేకు తొక్కిన కాలు ఇంటికొచ్చేదాకా వణుకుతూనే ఉంది. డాక్టరు చుక్కల మందు వేసి, అరగంట కూర్చోబెట్టి, దీపం పెట్టి చూసి, "మీ కళ్లు బాగానే ఉన్నాయి, శుక్లాలు కూడా లేవు" అన్నాడు. వారం తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి నా కారు ముందు గొంతుక్కూర్చుని హెడ్‌లైటుని తడిగుడ్డతో తుడిచాడు. తడి ఉన్నంతసేపు అద్దం తేటగా ఉంది. ఆరగానే మళ్లీ పాలమీగడలాంటి పొర.

"శుక్లాలు వీటికొచ్చాయి సార్" అన్నాడు.

ఇంట్లో బల్బు మాడిపోతే ఆ సాయంత్రమే కొత్తది తెస్తాం. కారు లైటు అలా మాడదు. ఏడాదికి కాస్త చొప్పున తగ్గుతూ వస్తుంది, కన్ను దానికి అలవాటు పడిపోతుంది. వెలుగు పుట్టించడం మనిషికి ఎప్పుడో వచ్చింది. పుట్టిన వెలుగుని తగ్గకుండా నిలుపుకోవడం దగ్గరే నూట పాతికేళ్లుగా తంటా పడుతున్నాడు.

తొలి కార్లకు గుర్రపు బగ్గీల నూనె లాంతర్లే తగిలించారు. వాటితో కారు ఎదుటివాడికి కనిపించేదే తప్ప, నడిపేవాడికి దారి కనిపించేది కాదు. ఆ కొరత తీర్చింది కార్బైడ్. ఇప్పుడు ఆ మాట వింటే మనకు మామిడికాయలు గుర్తొస్తాయి. నిషేధం ఉన్నా బుట్టల అడుగున పొట్లం కట్టి కాయల్ని మగ్గబెట్టే బూడిదరంగు రాళ్లు అవే. 1892లో థామస్ విల్సన్ అనే కెనడా దేశస్థుడు అమెరికాలోని నార్త్ కరోలినాలో అల్యూమినియం తీయబోయి, ఈ రాళ్లను చౌకగా తయారుచేసే దారి కనుక్కున్నాడు. రాయి మీద నీటిబొట్టు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. అది తెల్లగా మండుతుంది, గాలికి తొందరగా ఆరదు. కారు దీపంలో కింది అరలో రాళ్లు, పై అరలో నీళ్లు, మధ్యలో చిన్న కుళాయి. నీళ్లు పడేకొద్దీ రాళ్లు సున్నపు ముద్ద అవుతాయి. ఆ ముద్దని ఎప్పటికప్పుడు గోకి పారెయ్యకపోతే వాయువు సరిగా రాదు, మంట చిన్నబోతుంది. మసకబారే హెడ్‌లైటు కథ అక్కడే మొదలైంది.

ఈ గోకుడు బాధ తప్పించడానికి 1904లో ఇండియానాపొలిస్‌లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ అనే ఇద్దరు ఎసిటిలీన్‌ని సిలిండర్లలో నింపి అమ్మడం మొదలుపెట్టారు. ప్రెస్ట్-ఓ-లైట్ అని దానికి పేరు. సిలిండర్లు నింపే చోట పేలుళ్లు జరిగినా డబ్బు మాత్రం బాగా వచ్చింది. ఈ ఇద్దరూ మరికొందరితో కలిసి 1909లో కట్టించిందే ఇండియానాపొలిస్ కార్ల పందేల ట్రాక్. 1917లో ప్రెస్ట్-ఓ-లైట్ మరికొన్ని కంపెనీలతో కలిసి యూనియన్ కార్బైడ్ అనే పెద్ద సంస్థలో భాగమైంది. ఆ పేరు మనకు ఎందుకు తెలుసో చెప్పనక్కర్లేదు.

తర్వాత కరెంటు. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఏర్పాటుతో స్టార్టరూ లైట్లూ రెండూ బ్యాటరీ మీద నడిచాయి. అది డబ్బున్నవాళ్ల బండి. లక్షల మంది కొన్న ఫోర్డ్ మోడల్ టీకి 1915లో కరెంటు లైట్లు పెట్టారు కానీ, బ్యాటరీ లేకుండా, ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటోకే నేరుగా కలిపారు. ఇంజను ఎంత తిరిగితే అంత వెలుగు. గుంటల దారిలో మెల్లగా పోతుంటే, అంటే దారి బాగా కనపడాల్సిన సమయంలోనే, లైటు గుడ్డిదీపం. వేగం పెంచితే వెలుగూ పెరిగి ఒక్కోసారి బల్బు కాలిపోయేది. పైగా రెండు బల్బులూ సిరీస్‌లో ఉండేవి కాబట్టి ఒకటి పోతే రెండోదీ పోయినట్టే. మనవాళ్లకు ఇదేం వింత కాదు. సైకిల్ డైనమోతో చీకటి డొంకల్లో ట్యూషన్లకు వెళ్లినవాళ్లకు, పాత స్కూటరు మీద గేదె అడ్డొచ్చి ఆగి, ఎదురుగా ఏముందో చూడ్డానికి క్లచ్ పట్టుకుని ఎక్సిలేటరు రైజ్ చేసినవాళ్లకు హెన్రీ ఫోర్డ్ కస్టమర్ల కష్టం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టి, ఒకటి దూరానికీ ఒకటి దగ్గరికీ వాడే పద్ధతి 1924లో జర్మనీలో ఆస్రామ్ కంపెనీ తెచ్చింది. లారీ వెనక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసుకునేది దీని గురించే. డిప్పర్ కొట్టనివాళ్ల కోసం మన ట్రాఫిక్ పోలీసులు హెడ్‌లైటు మీద నల్లరంగు పూయించేవాళ్లు, అది వేరే కథ.

నన్నడిగితే హెడ్‌లైటు జీవితంలో అసలు మలుపు బల్బుది కాదు, గిన్నెది. 1930ల నాటి హెడ్‌లైటు అంటే వెండిపూత పూసిన లోహపు గిన్నె, లోపల బల్బు, ముందు గాజు మూత. మూత అంచుల్లోంచి దుమ్మూ తేమా దూరేవి. ఇంట్లో వెండి కంచం నల్లబడ్డట్టే గిన్నె నల్లబడేది. గుడ్డతో రుద్దితే గీతలు పడి ఇంకా పాడయ్యేది. కొత్త బల్బు వేసినా వెలుగు రాదు, ఎందుకు రాదో కారువాడికి తెలీదు. అమెరికాలో కార్ల కంపెనీలూ, జనరల్ ఎలక్ట్రిక్ లాంటి దీపాల కంపెనీలూ కూర్చుని 1939లో దీనికి విరుగుడు తెచ్చాయి. గిన్నె, ఫిలమెంట్, ముందరి అద్దం అన్నీ కలిపి గాలి చొరని ఒకే గాజు దీపం. గిన్నె లోపలివైపు అల్యూమినియం పూత. దుమ్ము చొరే దారే లేదు. అదే సీల్డ్ బీమ్. ఏడంగుళాల గుండ్రటి దీపం, బండికి రెండు. 1940 మోడల్ నుంచి అక్కడి కార్లన్నిటికీ అదే.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, ఫిలమెంట్ తెగితే మొత్తం దీపాన్నే మార్చాలి. దుబారా అనిపిస్తుంది. కానీ మార్చినప్పుడల్లా కారుకు కొత్త గిన్నె, కొత్త అద్దం వచ్చేవి. మసకబారేంత వయసు ఆ దీపానికి రానిచ్చేవాళ్లు కాదన్నమాట. ఉంటే దాదాపు పూర్తి వెలుగు, లేకపోతే చీకటి.

మరి అంత మంచిదాన్ని ఎందుకు వదిలేశారు? అందం కోసం, గాలి కోసం. నలభై ఏళ్లకు పైగా అమెరికా కార్లన్నిటికీ నిబంధన ఒప్పుకున్న కొద్దిపాటి అచ్చుల కళ్లే. బండి మూతి గాలిని చీల్చుకుపోయేలా ఏటవాలుగా ఉంటే పెట్రోలు కలిసొస్తుంది, నిలువు గాజు దీపం దానికి అడ్డం. ఫోర్డ్ పట్టుబట్టగా 1983లో అక్కడి నిబంధన సడలింది. 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో, బల్బు ఒక్కటే మార్చుకునే, బండి ఆకారానికి తగ్గట్టు మలిచిన ప్లాస్టిక్ హెడ్‌లైటు అమెరికాలో అడుగుపెట్టింది. ప్లాస్టిక్ అంటే పాలీకార్బనేట్. హెల్మెట్ ముందు అద్దం, పాత పాటల సీడీ కూడా ఆ పదార్థమే. 1953లో జర్మనీలో బాయర్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఎవరికి వారు దీన్ని కనిపెట్టారు. సీల్డ్ బీమ్‌ని పెంచిన ఇంట్లోనే దాన్ని సాగనంపే ప్లాస్టిక్ కూడా పుట్టిందన్నమాట.

పాలీకార్బనేట్‌కి రాయి తగిలినా గాజులా పగలదు. కానీ ఎండలోని అతినీల కిరణాలకు తాళలేదు, పచ్చబడుతుంది. అందుకని పైన వెంట్రుకకన్నా పలచటి రక్షణ పూత వేస్తారు. మన మే నెల ఎండలో నీడలేని చోట ఆపే బండి మీద ఆ పూత ఎన్నేళ్లని ఉంటుంది? ఇసుక, పురుగులు, పొడిగుడ్డ తుడుపు కలిసి దాన్ని గీకేస్తాయి. తర్వాత అడుగున ఉన్న ప్లాస్టిక్ మీద కంటికి ఆనని గుంటలు, బీటలు. వాటిలో పడ్డ వెలుగు రోడ్డు మీదికి పోకుండా చెల్లాచెదురవుతుంది. మేస్త్రి తడిపినప్పుడు నీళ్లు ఆ గుంటల్ని నింపాయి, అందుకే క్షణకాలం తేటబడింది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో సుమారు పదకొండేళ్ల వయసున్న సెడాన్ల హెడ్‌లైట్లు పరీక్షించి, లో-బీమ్‌లో కొత్తదాని వెలుగులో 22 శాతమే వస్తోందని తేల్చింది. నా కారు వయసూ పదకొండే.

వెలుగు ఐదో వంతుకు పడిపోతే చూపు ఆనే దూరమూ బాగా తగ్గుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లి, బండి ఆగేసరికి నూరు మీటర్లు దాటిపోతాయి. చీకట్లో ముదురు రంగు బట్టలవాళ్లు లో-బీమ్‌లో అంత దూరానికి మంచి లైటున్నా కనిపించడం కష్టం. ఇక నల్లటి గేదె సంగతి చెప్పేదేముంది.

మేస్త్రి వాటర్ పేపర్‌తో ముందు గరుకుగా, తర్వాత నున్నగా, నీళ్లు చల్లుతూ గంటసేపు రుద్దాడు. పసుపు నీళ్లలా కారింది. పాలిష్ పట్టాక అద్దం కొత్తదానిలా మెరిసింది. నేను పర్సు తీశాను.

"ఆగండి సార్, బల్బు ఎర్రగా వెలుగుతోంది" అన్నాడు.

మల్టీమీటర్ తెచ్చాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. హోల్డర్ దగ్గర 12. మధ్యలో 1.8 వోల్టులు ఏమయ్యాయి? ఎర్త్ వైరు బాడీకి బిగించిన నట్టు తుప్పు పట్టి ఉంది, హోల్డర్ ప్లాస్టిక్ వేడికి గోధుమరంగుకి తిరిగింది. 1.8 పెద్ద లెక్కలా కనిపించదు. కానీ ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, సుమారుగా దాని 3.4వ ఘాతం చొప్పున పడిపోతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం పోతుంది. నా కారులో పోయింది 38 శాతం దాకా ఉంటుంది. ఆ పొర అడ్డుపడింది ఇలా సగం చచ్చి వస్తున్న వెలుగుకే.

నాది హాలోజెన్ బల్బు. 1962లో యూరప్‌లో కార్లకెక్కిన రకం. వేడికి ఫిలమెంట్ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్‌ని బల్బులోని అయొడిన్ లేదా బ్రోమిన్ పట్టుకుని తిరిగి ఫిలమెంట్ మీదికే చేరుస్తుంది, అందుకే లోపలి గాజు నల్లబడదు. ఈ బల్బు గాజుని చేత్తో ముట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై పగులుతుంది.

నట్టు గీకి, కొత్త హోల్డర్ వేశాక మేస్త్రి స్టీరింగ్ పక్కన చెయ్యి పెట్టి, "ఇది మీరే తిప్పారా సార్?" అన్నాడు. సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న బుల్లి చక్రం. వెనక బరువెక్కినప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది కాబట్టి లైటుని కిందికి దించడానికి అది. రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదీ సామానుతో తిరుపతి వెళ్లినప్పుడు మూడు మీద పెట్టాను. దేవుణ్ణి చూసొచ్చాం గానీ, దాన్ని మళ్లీ చూడలేదు. భూమికి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపం మామూలుగా 65 మీటర్ల దాకా వెలుగు పరిచేలా వంచి ఉందనుకుంటే, ఇంకొక్క డిగ్రీ కిందికి జారితే అది 24 మీటర్లకే నేలకు తగిలిపోతుంది.

నా బండి తప్పుల్లో సగం నావే, ఒప్పుకుంటాను. యజమాని తప్పు లేనివీ ఉంటాయి. 2006 ప్రాంతంలో టయోటా ప్రియస్ కొన్న అమెరికన్లు కొందరు, రోడ్డు మీద పోతుండగా జినాన్ హెడ్‌లైటు ఉన్నట్టుండి ఆరిపోతోందని ఫిర్యాదు చేశారు. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే వెలిగేది. అదే వాళ్లకు తిప్పలు తెచ్చింది, ఎందుకంటే వర్క్‌షాపుకు తీసుకెళ్లేసరికి లైటు శుభ్రంగా వెలుగుతుండేది. ఫిర్యాదులు పేరుకుని, ప్రభుత్వ సంస్థ విచారణకు దిగి, కోర్టు కేసు పడ్డాక కంపెనీ వారంటీ పొడిగించి రాజీకొచ్చింది. 2014 చివర్లో జనరల్ మోటార్స్ 3 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. లైట్లను నడిపే చిన్న మాడ్యూల్ వేడెక్కి లో-బీమ్ రెండూ ఒకేసారి ఆరిపోయే ప్రమాదం ఉండటమే కారణం.

నిబంధనల ప్రకారం పాసైనంత మాత్రాన రోడ్డు మీద కనిపిస్తుందన్న హామీ కూడా లేదు. అమెరికా ప్రమాణం హెడ్‌లైటుని ప్రయోగశాలలో విడిగా పరీక్షిస్తుంది. బండికి బిగించాక అది ఎటు చూస్తోందన్నది ఎవరికీ పట్టలేదు. బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఒకటి 2016లో రాత్రిపూట ట్రాక్ మీద 31 మధ్యతరహా కార్లను నడిపి చూస్తే, మంచి మార్కులు ఒక్కదానికే వచ్చాయి. మంచి లైట్లున్న బండ్లకు, నాసిరకం లైట్లున్నవాటితో పోలిస్తే, రాత్రిపూట వేరే బండి ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలు 19 శాతం తక్కువని అదే సంస్థ 2021లో లెక్క తేల్చింది.

ఇప్పుడంతా ఎల్‌ఈడీ. ఈ తెల్లటి వెలుగుకు దారి వేసిన నీలి ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ కూడా ఇచ్చారు. తక్కువ కరెంటు, ఎక్కువ ఆయుష్షు, నిజమే. కానీ కంపెనీ బిగించిన ఎల్‌ఈడీ పాడైతే చాలా కార్లలో బల్బు ఒక్కటే దొరకదు, మొత్తం హెడ్‌లైటు కొనాలి. సీల్డ్ బీమ్ పద్ధతే మళ్లీ వచ్చింది గానీ ధర మాత్రం దాని దరిదాపుల్లో లేదు. ముందరి ప్లాస్టిక్ ఎలాగూ అదే. ఇక హాలోజెన్ గిన్నెలో బజారు ఎల్‌ఈడీ బల్బు దూర్చడం శుద్ధ తెలివితక్కువ పని. ఆ గిన్నెని ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి మలిచారు. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా అది రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

మన దగ్గరా 2021 ఏప్రిల్ నుంచి, ఏడేళ్లలోపు వాహనాల్లో తయారీలోనే ఉన్న భద్రతా లోపాల మీద కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. తగినన్ని వస్తే విచారణ, అవసరమైతే రీకాల్. మీది ఆ వయసు బండై, లైటు ఉత్తపుణ్యానికి ఆరిపోతుంటే, వర్క్‌షాపులో "ఈ మోడల్‌కి అంతే సార్" అన్నారని ఊరుకోకండి. తేదీ, కిలోమీటర్లు, ఏం జరిగిందో రాసి పంపండి. నా పదకొండేళ్లదానికి ఆ అదృష్టం లేదు. పూత పోయిన అద్దం ఏడాది తిరక్కుండానే మళ్లీ మసకబారుతుందని మేస్త్రి ముందే చెప్పాడు. దానికి వాటర్ పేపరే గతి.