పేరంటానికి పిలవడం మానకండి

మద్రాసులో స్థిరపడిన మన కుటుంబాల్లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేరు వినని వారుండరు. చెల్లెలు క్యాన్సర్‌తో కన్నుమూసిన బాధను మరచిపోలేక డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి 1954లో దాన్ని స్థాపించారు. ఆనాటికీ ఈనాటికీ వైద్యం ఎంతో ముందుకు సాగింది. మన దేశంలో స్త్రీలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌ను తొలి దశలో కనిపెడితే చాలామంది కోలుకుంటున్నారు. మన ప్రవర్తనే ఇంకా మారవలసి ఉంది.

ఆపరేషన్‌తో శరీరంలో ఒక భాగం పోయిందన్న వేదన, కీమోథెరపీకి జుట్టు ఊడిపోతే అద్దం చూసుకోలేని స్థితి, 'నా జబ్బు పిల్ల పెళ్ళికి అడ్డమవుతుందేమో' అన్న దిగులు ఏ రిపోర్టులోనూ కనబడవు. జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. మనుషులు దూరమైతే ఆ లోటు అంత తేలికగా తీరదు.

"పాపం, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకు" అని పేరంటానికి పిలవడం మానేస్తాం. వంటింట్లోకి రానివ్వం. కంచం, గ్లాసు వేరు చేసే ఇళ్ళూ లేకపోలేదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. కీమో రోజుల్లో జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు దూరంగా ఉండవలసిందే. కాని అది ఆమె క్షేమం కోసం. ఓపిక లేకపోతే ఆమే రానంటుంది. వెళ్ళలేకపోవడం వేరు, పిలుపే రాకపోవడం వేరు.

బ్యాంకులో నా బల్ల ముందు చూస్తూనే ఉంటాను. వైద్యానికి డిపాజిట్ తీయాలంటే మాటలన్నీ భర్తవో కొడుకువో. సంతకం మాత్రం ఆమెది. "మీరేమంటారమ్మా?" అని అడిగితే అప్పుడు తలెత్తి చూస్తారు. ఇంట్లోనూ ఆ ప్రశ్న అడగాలి.

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మనకు మరో చిక్కుంది. కన్నడమో తమిళమో మరాఠీయో ఎంత బాగా వచ్చినా, కడుపులో దుఃఖం సొంత భాషలోనే బయటపడుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. దిగులు, నిద్రలేమి వారాల తరబడి వదలకపోతే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మందులు డాక్టర్లు ఇస్తారు. వచ్చే నోముకు ఆ ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవవలసింది మనం. రావడం, రాకపోవడం ఆమె ఇష్టం.