కోడి కీమా కబాబ్: లోపల కూడా కాలాలి

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుండి శంషాబాద్‌లో రాత్రీ పగలూ ఒక్కటే అయ్యాయి. షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి ఇల్లు చేరేవారు దారిలో కబాబ్‌ల పొట్లం కట్టించుకోవడం మామూలే. ఆ కీమా ఎప్పుడు కొట్టారో, ఎంతసేపు బయట ఉందో మనకు తెలియదు. ఇంట్లో చేసుకుంటే ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. అయితే ఒక సంగతి ముందుగా తెలుసుకోవాలి.

కీమాతో ఎందుకు జాగ్రత్త?

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మక్రిములు ఉండవచ్చు. ముక్కలుగా ఉన్నప్పుడు అవి ఎక్కువగా పైభాగానే ఉంటాయి. కీమా కొట్టినప్పుడు పైనున్నవి లోపలంతా కలిసిపోతాయి. అందువల్ల పైన ఎర్రగా కాలి లోపల పచ్చిగా ఉన్న కబాబ్ ప్రమాదకరం. ఉప్పు, నిమ్మరసం, మసాలాలను నమ్ముకోవద్దు. క్రిములను చంపేది వేడి మాత్రమే. కబాబ్ మధ్యభాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

కావలసినవి (నలుగురికి)

చర్మం, ఎముకలు లేని కోడిమాంసం అర కిలో, సన్నగా తరిగి నీరు పిండేసిన ఉల్లిపాయ 1, అల్లం వెల్లుల్లి ముద్ద 2 చెంచాలు, పచ్చిమిర్చి 3, కొత్తిమీర, పుదీనా గుప్పెడు, పుట్నాల పొడి 3 చెంచాలు, గరం మసాలా 1 చెంచా, ఉప్పు 1 చిన్న చెంచా, నూనె 2 చెంచాలు.

చేసే విధానం

మాంసం ముక్కలను 20 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మిగిలినవన్నీ కలిపి (నూనె సగమే వేయండి) గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. చేయి తడి చేసుకుని ఇనుప చువ్వలకు వేలంత మందంగా అద్దండి. వెదురు పుల్లలైతే ముందే అరగంట నానబెట్టాలి. మిగిలిన నూనె రాసి, మధ్యస్థమైన మంటపై తిప్పుతూ 12 నుండి 15 నిమిషాలు కాల్చండి. గ్రిల్ లేకపోతే పెనంపై మూత పెట్టి కాల్చుకోవచ్చు. రంగును బట్టి నిర్ణయించవద్దు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఒకటి మధ్యకు విరిచి చూడండి. పచ్చిదనం, జిగురు కనిపిస్తే మళ్లీ కాల్చండి.

మరువకూడనివి

• మాంసాన్ని కుళాయి కింద కడగవద్దు. చిందిన నీటితో క్రిములు గిన్నెలకు, కూరగాయలకు అంటుతాయి.
• పచ్చి కీమా పెట్టిన పళ్లెంలో కాల్చిన కబాబ్‌లు పెట్టవద్దు. కీమా ముట్టిన చేతులను సబ్బుతో కడుక్కోండి.
• బొగ్గుల కుంపటిని మూసిన గదిలో వెలిగించవద్దు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మాడిన భాగాలను తీసివేసి తినండి.
• కృత్రిమ రంగులు వేయవద్దు. కబాబ్‌లలో వీటిని కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో నిషేధించింది.
• పచ్చిగుడ్డు మయొనైజ్‌కు బదులు పుదీనా పెరుగు పచ్చడి చేసుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో ఆ మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది.
• మిగిలినవి రెండు గంటల్లోపు, ఎండాకాలంలో గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలస్యంగా వచ్చేవారికి పొగలు వచ్చేలా వేడిచేసి వడ్డించండి.

పోషణ మాటేమిటి?

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఈ కబాబ్‌లలో ఒకరి వాటాతో అందులో దాదాపు సగం లభిస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు ఇంకా తగ్గించాలి.

జబ్బు చేస్తే

కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, జ్వరం కొన్ని గంటల నుండి కొన్ని రోజుల లోపల మొదలుకావచ్చు. వెంటనే ఓఆర్ఎస్ తాగించండి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం తగ్గడం, మగత కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. పసిపిల్లలు, గర్భవతులు, వృద్ధుల విషయంలో లక్షణాలు ముదిరేవరకు ఆగవద్దు.

మరో ఐదు నిమిషాలు ఓపికగా కాల్చితే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా తినవచ్చు.