కొత్తది వస్తే ఫీడ్ చెబుతుంది

కొత్త వ్యాసం వచ్చిందేమోనని రోజూ వెబ్‌సైట్ తెరిచి చూడనక్కరలేదు. చాలా సైట్లు తమ కొత్త శీర్షికలను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌గా అందిస్తాయి. 1999లో నెట్‌స్కేప్ సంస్థ తెచ్చిన పద్ధతి ఇది. ఫీడ్లీ వంటి రీడర్ యాప్‌లో సైటు చిరునామా ఒక్కసారి చేర్చండి. కొత్తవి రాగానే యాప్ వాటిని తెచ్చి మీ ముందుంచుతుంది. సైటుకు మీ ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు.

ఫేస్‌బుక్ ఉందిగా అంటారేమో. అక్కడ మీకు ఏది ముందు కనబడాలో ఆ కంపెనీ లెక్కలే తేలుస్తాయి. ప్రార్థన కూడిక వేళ మారిన సంగతి కూడిక ముగిశాక కనబడితే ఏం లాభం? అందుకే మేము ఫీడ్‌నే మేలంటాం. వాట్సాప్ ఫార్వర్డులా చేతులు మారకుండా, ప్రచురించిన చోటి నుంచే వస్తుంది. 2013లో గూగుల్ తన రీడర్‌ను మూసేసినా ఫీడ్లు ఆగలేదు. పాడ్‌కాస్ట్‌లు నేటికీ వాటితోనే నడుస్తున్నాయి. వద్దనుకున్న సైటును జాబితాలోంచి తీసేస్తే సరి.