మీకు తెలుసా? నల్లేరు ద్రాక్షకు దాయాది

వేలూరునుండి గుడియాత్తం మీదుగా చిత్తూరు సీమకు పోవు దారిలో, బండరాళ్ల సందులను, ముండ్లపొదలను అల్లుకొని మండుటెండలోను పచ్చగా నిగనిగలాడు నల్లేరు, ద్రాక్షతో ఒకే కుటుంబమునకు చెందిన వన్యలత. 1767లో లిన్నేయస్ దీనికి 'సిస్సస్ క్వాడ్రాంగులారిస్' అని నామకరణము చేసెను. ద్రాక్షకువలెనే దీనికిని ఆకున కెదురుగా నులితీగ పుట్టును. కాని పూవునకు రేకులు నాలుగే, ఎఱ్ఱని చిఱుపండు తినదగినది కాదు.

దీని వైభవమంతయు కాండమునందే యున్నది. నాలుగు పలకలుగా, కణుపు కణుపున నొక్కుకొని, నీటిని లోన దాచుకొను ఆ కాండము, ఆకులు రాలిన వేసవిలో తానే వాని పనిని నెఱవేర్చును. పగటి వేడిమికి తేమ హరించిపోకుండ, రాత్రివేళ సూక్ష్మరంధ్రములు తెఱచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆమ్లరూపమున నిలువచేసి, మఱునాటి సూర్యరశ్మిలో ఆహారముగా మార్చుకొనును. పాలాఱును, కౌండిన్యానదియు పెక్కు మాసములు ఇసుకమేటలై యుండు ఈ మెట్టసీమకు ఇంతకన్న తగిన తీగ యేది?

లేత కణుపులను నూనెలో వేయించి, చింతపండు చేర్చి నూరిన పచ్చడి తెలుగువారికిని, తమిళులకును ప్రీతికరము. పచ్చికాండమందలి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు దురద పుట్టించును గావున, చేతులకు నూనె రాచుకొనియే నార తీయవలెను.