‘ఆంటీ, ఆ డబ్బా ఒకసారి చూడొచ్చా?’

2024 డిసెంబర్. యూసుఫ్‌గూడలో మా పిన్ని వాళ్లింటికి జర్మనీ నుంచి ఇద్దరు అతిథులు వస్తున్నారు. మా తమ్ముడితో కలిసి పనిచేసే అతనూ, అతని భార్యా. వారం రోజులు ఉంటారట. వాడు ఫోన్లో ఒకటే హెచ్చరిక: ‘అమ్మా, వాళ్లు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు కూడా చదివే రకం. రంగులూ గింగులూ వాడకు.’

ఇక చూడాలి పిన్ని హడావుడి! కేసరి రంగు పొట్లం చెత్తబుట్టలోకి. కస్టర్డ్ పౌడర్ పక్కింటికి. మసాలా పొడులు ఇంట్లోనే దంచింది. ప్రిజర్వేటివ్‌లు ఎందుకని శాండ్‌విచ్‌లకి మయొనైజ్ కూడా తనే కొడతానంది. ఆపింది నేనే. పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్ తిని జనం ఆసుపత్రుల పాలవుతున్నారని తెలంగాణ ప్రభుత్వం అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు దాన్ని నిషేధించింది కదా. అది హోటళ్లకీ దుకాణాలకీ పెట్టిన నిషేధమే అయినా, పచ్చి గుడ్డు మన వంటింట్లోనూ పచ్చి గుడ్డే! ‘తాజా’ అంటే ‘సేఫ్’ అనుకునే మన లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు.

మొదటి రోజు భోజనం. ముద్దపప్పు, ఆవకాయ, దొండకాయ వేపుడు, సాంబారు. ఆమె కూర్చోబోతూ అడిగింది, ఇందులో గోధుమ ఏమైనా ఉందా అని. ‘అయ్యో, అంతా అన్నమేనమ్మా!’ అంది పిన్ని ధీమాగా. ఆమె చూపు మాత్రం పొయ్యి పక్కన ఇంగువ డబ్బా మీద పడింది. ‘ఆంటీ, ఆ డబ్బా ఒకసారి చూడొచ్చా?’

డబ్బా వెనక స్పష్టంగా ఉంది: గోధుమ పిండి.

ముప్పై ఏళ్లుగా పోపులో వేస్తున్న ఇంగువలో పిండి ఉంటుందని పిన్నికి తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఘాటు భరించలేం కాబట్టి మైదానో, బియ్యప్పిండో, తినే బంకో కలిపి అమ్ముతారు. ఆమెకేమో సీలియాక్ జబ్బు. గోధుమలో ఉండే గ్లూటెన్ కొంచెం లోపలికెళ్లినా శరీరం తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. జన్మంతా పథ్యమే. చిటికెడేగా, ఏం కాదులే అనడానికి లేదు.

సాంబారు పక్కకెళ్లింది. ఆమె ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో తినేసింది. పిన్ని మొహం మాత్రం మాడిపోయింది. ‘పొద్దున్నుంచీ చేస్తే, నా వంట మీదే అనుమానమా?’ అని వంటింట్లో నా దగ్గర కళ్లు తుడుచుకుంది. మన దగ్గర చేసిన వంట వద్దనడం మనిషిని వద్దనడంతో సమానం. వాళ్ల దగ్గర లేబుల్ అడగడం మంచినీళ్లు అడిగినంత మామూలు.

ఆ మామూలు వెనక చట్టం కూడా ఉంది. టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో లాంటి ఆరు రంగులు వాడితే, పిల్లల చురుకుదనం మీదా, ఏకాగ్రత మీదా చెడు ప్రభావం ఉండొచ్చని యూరప్‌లో 2010 నుంచి ప్యాకెట్ మీద రాయాల్సిందే. వాళ్ల ఈ102, మన ఐఎన్‌ఎస్ 102 ఒకటే సరుకు. మన దగ్గర ఆ హెచ్చరిక ఉండదు. అలాగని మనవాళ్లు అన్నీ వదిలేశారని కాదు. బిర్యానీలో, చికెన్ 65లో సింథటిక్ రంగు వేయడానికి మన నిబంధనలూ ఒప్పుకోవు. ఎర్రగా మెరిసే ముక్క కనిపిస్తే అది ఎవరి తప్పో మీకే తెలుసు! బ్రెడ్డులో వాడే పొటాషియం బ్రోమేట్‌ను మనం 2016లోనే నిషేధించాం. అమెరికాలో దేశవ్యాప్త నిషేధం ఇప్పటికీ లేదు. కాలిఫోర్నియా మాత్రం 2027 నుంచి వద్దంటూ 2023లో చట్టం చేసింది. కాబట్టి ‘ఫారిన్ తిండి అంతా స్వచ్ఛం’ అనే మాట కాస్త పక్కన పెట్టండి.

ఇంకో సంగతి. ఫారిన్ అతిథి అంటే తెల్లవాళ్లే కాదు. యూసుఫ్‌గూడలోనే ఉన్న నిమ్స్‌మే అనే జాతీయ చిన్న పరిశ్రమల సంస్థకి, కేంద్రం నడిపే ఐటెక్ శిక్షణ కోసం ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి ఏళ్లుగా జనం వస్తున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో మ్యాగీ అంటే నూడుల్స్ కాదు, కూరలో వేసే మసాలా ఘనం. అందులో ఎంఎస్‌జీ ఉంటుంది. మనమేమో 2015 జూన్‌లో అదే ఎంఎస్‌జీ పేరు, సీసం పేరు చెప్పి మ్యాగీని దేశమంతా దించేశాం. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, నవంబర్‌కి మళ్లీ షాపుల్లోకి వచ్చింది. పండిన టమాటాలో గ్లూటమేట్ సహజంగానే ఉంటుందని చెబితే పిన్ని ఇప్పటికీ నమ్మదు.

మీ ఇంటికీ ఎవరైనా వస్తుంటే టికెట్ బుక్ అవగానే ఒక్క మాట అడగండి: ఇది ఇష్టం లేనిదా, ఒంటికి పడనిదా? రంగు వద్దనడం మొదటి రకం కావొచ్చు. గోధుమ, పల్లీ వద్దంటే రెండోది. అక్కడ మొహమాటం పనికిరాదు. వాడబోయే డబ్బాల వెనకవైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేస్తే సగం గొడవ వదిలినట్టే. పెసరట్టు, ఇడ్లీ, పులిహోర గోధుమ లేనివే. పులిహోరలో ఇంగువ సంగతి మాత్రం మర్చిపోకండి.

పిన్ని నాలుగు షాపులు తిరిగి బియ్యప్పిండితో చేసిన ఇంగువ పట్టుకొచ్చింది. వాళ్లు బయల్దేరే ముందురోజు మళ్లీ సాంబారు. ఈసారి పిన్నే డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, ‘చదువుకోమ్మా’ అంది. ఆమె నిజంగానే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. తర్వాత రెండుసార్లు వడ్డించుకుంది.