హద్దు లేని గారాబం

మిరప కోతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లారేసరికి పెద్దవాళ్లు చేలో ఉంటారు. బడి వదిలాక పిల్లవాడికి తోడు నాయనమ్మా, ఫోనూ. పొద్దుగూకి ఇల్లు చేరిన తల్లికి వాణ్ని కసరబుద్ధి కాదు; పగలంతా దగ్గర లేననే బాధకొద్దీ అడిగిందల్లా చేతిలో పెడుతుంది. ఇలా ప్రేమ ఉండి అదుపు లేని పెంపకాన్ని 1960ల్లో అమెరికాలోని బర్క్‌లీలో మనస్తత్వవేత్త డయానా బౌమ్‌రిండ్ ప్రత్యేకంగా గుర్తించారు. అలా పెరుగుతున్న పిల్లల్లో నిగ్రహమూ, సొంతంగా పని చేసుకునే చొరవా తక్కువగా కనిపించాయి. 1983లో మకోబీ, మార్టిన్ అనే పరిశోధకులు అదుపు లేని పెంపకాన్ని రెండుగా విడదీశారు: ప్రేమకొద్దీ వదిలేయడం ఒకటి, పట్టించుకోక వదిలేయడం మరొకటి. ఎక్కువ చేటు రెండోదే. కూలికెళ్లిన తల్లిని ఆ రెండో గాటన కట్టేయడం అన్యాయం. ఆమెకు లేనిది తీరిక.

నిగ్రహం లేకపోతే ఏమవుతుంది? న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల జీవితాలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువగా ఉన్నవాళ్లకు 32 ఏళ్లు వచ్చేసరికి డబ్బు ఇబ్బందులు, అనారోగ్యం, మత్తు అలవాట్లు, నేరశిక్షలు ఎక్కువని 2011లో తేల్చారు. తెలివితేటలనూ, ఇంటి స్తోమతనూ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. అయితే అక్కడ ప్రధానంగా కొలిచింది నిగ్రహాన్నే, పెంపకాన్ని కాదు. పైగా పిల్లవాడు పుట్టు మొండి అయితే తల్లిదండ్రులే విసిగి వదిలేస్తారేమో అన్న ప్రశ్నా ఉంది. నిజమే, అదీ జరుగుతుంది. చిప్స్ ప్యాకెట్టు కోసం కొట్టు ముందు దొర్లి ఏడ్చినవాడికి ఆఖరికి కొనిస్తే, రేపు ఇంకాస్త గట్టిగా ఏడవాలని వాడికి తెలిసిపోతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ వివరించిన విషవలయం ఇదే. ఆ వలయాన్ని పెద్దవాళ్ల వైపు నుంచి తెంచవచ్చు: తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి చేసిన ప్రయోగాల్లో పిల్లల మొండితనం తగ్గింది. కారణమంతా పుట్టుకే అయితే అది తగ్గేది కాదు.

‘అందుకే నాలుగు తగిలించాలి’ అనేవాళ్లున్నారు. దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు పెరుగుతుందనే అధ్యయనాలు చెబుతున్నాయి. హాస్టల్లో వేస్తే వాళ్లే దారిలో పెడతారన్న నమ్మకమూ మన దగ్గర బలమే. కానీ గంట కొడితే లేచి, గంట కొడితే చదివే కుర్రాడు వార్డెన్ మాట వినడం నేర్చుకుంటాడు, తనను తాను ఆపుకోవడం కాదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి రాగానే పట్టపగ్గాలుండవు, బండి తాళం కావాలంటాడు. కారణం చెప్పి, కోప్పడకుండా, రేపు కూడా మార్చకుండా ‘వద్దు’ అనగలగాలి. ఆ మాట ఇంట్లోవాళ్లు అనకపోయినా చట్టం అంటుంది: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.